పెరటి కెమెరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో వీధి వాకిలి కెమెరాల గురించి రాసిన జవాబు చదివి చాలామంది పెరటి సంగతి అడిగారు. అడగవలసిన మాటే. వీధి వైపు దీపం ఉంటుంది, ఎదురింటివాళ్లు ఉంటారు, తెల్లవారుజాము నుంచే పాలవాడు తిరుగుతూ ఉంటాడు. పెరటి వైపు మాత్రం చీకటి, చెట్లు, పొరుగువారి ప్రహరీ గోడ తప్ప మరేమీ ఉండవు. వాకిలికి పనికొచ్చిన కెమెరాలాంటిదే మరొకటి తెచ్చి వెనుక గోడకు బిగిస్తే సరిపోదు. వచ్చిన ప్రశ్నలలో ఆరింటికి ఈ నెల జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది 400 గజాల స్థలంలో కట్టిన పాత డాబా ఇల్లు. ఇంటి వెనుక 36 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న పెరడు ఉంది. అందులో నుయ్యి, దాని పక్కన మోటారు, నాలుగు కొబ్బరి చెట్లు, కొన్ని అరటి చెట్లు ఉన్నాయి. చివర సందులోకి తెరుచుకునే చిన్న ఇనుప గేటు ఉంది. నెల క్రితం ఎవరో ఆ గేటు ఎక్కి వచ్చి మోటారు విప్పుకుపోయారు. ఒక దుకాణంలో నాలుగు కెమెరాల డీవీఆర్ సెట్టు, అంటే రికార్డరు పెట్టెతో కలిసి వచ్చేది, తీసుకోమన్నారు, మరొకచోట వైఫై కెమెరా ఒక్కటి చాలన్నారు. ఐదు మెగాపిక్సెల్ కెమెరా పెడితే ముఖం స్పష్టంగా పడుతుందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. దాని సంగతి తేలితే దుకాణాలవాళ్లు చెప్పిన మిగిలినవన్నీ వాటంతట అవే తేలతాయి. పెరటి కెమెరాతో రెండు పనులున్నాయి: ఎవరో వచ్చారని తెలుసుకోవడం ఒకటి, వచ్చినవాడెవడో తెలుసుకోవడం మరొకటి. రెండింటినీ ఒకే కెమెరా నుంచి ఆశించి, తీరా దొంగతనం జరిగాక రికార్డింగు తిరగేస్తే తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మసక ఆకారం మాత్రమే కనిపించి ఉసూరుమన్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

నిఘా కెమెరాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, ఐఈసీ 62676-4, దాని 2014 నాటి కూర్పు ఈ తేడాను అంకెల్లో చెబుతుంది. మనిషి నిలబడిన చోట ఒక మీటరు వెడల్పు మీద 25 పిక్సెళ్లు పడితే అక్కడ ఎవరో ఉన్నారని తెలుస్తుంది. 125 పడితే ఎరిగిన మనిషిని పోల్చుకోవచ్చు. ముక్కూ మొహం తెలియని మనిషిని సందేహం లేకుండా గుర్తుపట్టాలంటే 250 పడాలి. పిక్సెళ్లంటే ముగ్గు చుక్కలే అనుకోండి. చేతిలో ఉన్న పిండి అంతే. వాకిలంతా పరచి పెడితే చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతుంది, చిన్న చోటులో పెడితే చుక్కలు దగ్గరగా పడి ముగ్గు వివరంగా వస్తుంది. ఆ పరిచే పని చేసేది లెన్సు. దుకాణంలో మెగాపిక్సెళ్లను గురించి అడిగినంతగా లెన్సు గురించి ఎవరూ అడగరు, అమ్మేవారూ చెప్పరు.

ఇప్పుడు మీ పెరటికి లెక్క వేద్దాం. సెట్లలో మామూలుగా వచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 105 డిగ్రీల మేర చూస్తుంది. ఇంటి గోడకు బిగిస్తే, 40 అడుగుల దూరంలో, అంటే 12 మీటర్ల దగ్గర, అది దాదాపు 31 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. మీ పెరటి వెడల్పు 11 మీటర్లే. మిగిలిన 20 మీటర్ల చిత్రమూ అటూ ఇటూ ఉన్న పొరుగువారి స్థలాలదే. నాలుగు మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 2560 పిక్సెళ్లుంటాయి. వాటిని 31 మీటర్లకు పంచితే మీటరుకు 80కి కాస్త ఎక్కువగా వస్తాయి. ఎరిగినవాడినైనా పోల్చుకోవడానికి అది చాలదు. ఐదు మెగాపిక్సెల్ అన్న కెమెరాల్లోనూ అడ్డం వరుస ఇంతకంటే పెద్దగా పెరగదు కనుక మీరు ఆశించినది జరగదు. అదే నాలుగు మెగాపిక్సెల్ కెమెరాను సుమారు 50 డిగ్రీలు చూసే 6 మిల్లీమీటర్ల లెన్సుతో తీసుకుంటే, గేటు దగ్గర అది చూసే వెడల్పు 11 మీటర్ల చిల్లర. మీటరుకు దాదాపు 230 పిక్సెళ్లు పడతాయి. ఖరీదులో పెద్ద తేడా ఉండదు. అడిగి తెప్పించుకోవాలి, అంతే.

కాబట్టి మీకు నాలుగు కెమెరాలు అక్కరలేదు, ఒకటి చాలదు, రెండు కావాలి. మొదటిది 6 మిల్లీమీటర్ల లెన్సుతో ఇంటి వెనుక గోడ మీద నుంచి గేటును, నూతి దగ్గర మోటారును చూసేది. రెండవది వంటింటి గుమ్మం పక్క గోడ మీద, గుమ్మం వైపు నడిచి వచ్చే మనిషి ముఖం మూడు నాలుగు మీటర్ల దూరంలో పడేటట్లు 2.8 లేదా 4 మిల్లీమీటర్ల లెన్సుతో బిగించేది. రెండూ నేలకు ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తులో ఉండాలి. అందకుండా ఉంటుందని డాబా పిట్టగోడ మీద బిగించేవారున్నారు. అక్కడి నుంచి ముఖాలు పడవు, నడినెత్తులు పడతాయి. కొబ్బరి చెట్టుకు బిగించవద్దు. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా చిత్రమంతా కదిలి, కెమెరా దానిని మనిషి కదలికగా లెక్కగట్టి మీ ఫోనును మోగిస్తుంది. పైగా కోస్తాలో పిడుగులు కొబ్బరి చెట్ల మీద పడటం మీకు నేను చెప్పనక్కరలేదు. మీ ఇల్లు తూర్పు ముఖమైతే పెరటి కెమెరా పడమటికి చూస్తుంది గనుక, సాయంత్రపు ఎండ సూటిగా లెన్సులో పడకుండా కాస్త కిందికి వంచండి. వెలుగునీడల తేడాను సర్దే డబ్ల్యూడీఆర్ సౌకర్యం ఉన్నదే తీసుకోండి.

ఇక వైఫై సంగతి. పాత డాబాల గోడలు మందంగా ఉంటాయి. ముందు గదిలోని రౌటరు నుంచి రెండు మూడు గోడలు దాటి పెరటిలోకి వచ్చేసరికి సంకేతం బలహీనపడుతుంది, సరిగ్గా కావలసిన క్షణంలోనే చిత్రం ఆగిపోతుంది. అద్దె ఇంట్లో ఉండి గోడలకు రంధ్రాలు వేయలేనివారికి వైఫై తప్పదు. సొంత ఇంట్లో మాత్రం తీగ లాగించుకోండి. తీగల్లో రెండు దారులున్నాయి. డీవీఆర్ సెట్టుకు త్రీ ప్లస్ వన్ అని పిలిచే కేబులు వేస్తారు, ఒక తీగ చిత్రానికి, మిగిలినవి కరెంటుకు. ఎన్‌వీఆర్, అంటే నెట్‌వర్క్ రికార్డరు, సెట్టుకు ఇంటర్నెట్‌కు వాడే క్యాట్ 6 కేబులు ఒక్కటే చాలు, పీఓఈ పద్ధతిలో కరెంటు కూడా అందులోనే వెళుతుంది; 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. డీవీఆర్ చవక, మీ ఊరి ఎలక్ట్రీషియన్‌కు చేయి తిరిగిన పని. ఎన్‌వీఆర్ కొంత ఖరీదు. రెండే కెమెరాలు కనుక నేనైతే ఎన్‌వీఆర్ వైపే మొగ్గుతాను. ఏది తీసుకున్నా కేబులును పీవీసీ గొట్టంలో వేయించండి, కనెక్టర్లను గోడకు బిగించిన డబ్బాలో పెట్టించి కేబులు వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించండి. బయట కెమెరా దుమ్ము, నీరు చొరబడని ఐపీ 66 లేదా ఐపీ 67 రకమైనా, తెరిచి వదిలిన కనెక్టరులోకి ఒక్క వానాకాలంలో తేమ, చీమలు, బల్లులు మూడూ చేరతాయి.

కొనేటప్పుడు పెట్టె మీద బీఐఎస్ నమోదు గుర్తు చూడండి. కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన భద్రతా నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి; వాటి ప్రకారం ఇక్కడ అమ్మే సీసీటీవీ కెమెరాలు సమాచార భద్రత పరీక్షలో నెగ్గాలి. చవకగా వస్తున్నాయని పాత నిల్వలో మిగిలిన పేరులేని కెమెరాలు కొనవద్దు.

ప్రశ్న: మా పెరటి కెమెరా పగలు అద్దంలా చూపిస్తుంది. చీకటి పడగానే తెల్లటి పొగలాంటిది కమ్ముకుంటుంది. ఇంటికి దూరంగా, గేదెల పాక దగ్గర ఉన్న రెండో కెమెరా రాత్రిపూట ఆగి ఆగి వెలుగుతుంది. కెమెరాలు మార్చాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: మార్చనక్కరలేదు. అవి రెండు వేర్వేరు జబ్బులు, రెండూ రాత్రి పూట బయటపడేవే.

చీకటిలో కెమెరా తన చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుతురుతో చూస్తుంది. అది మన కంటికి కనిపించదు గాని లెన్సుకు కనిపిస్తుంది. లెన్సుకు అడుగు దూరంలో సాలెగూడు ఉన్నా, చూరు అంచో తెల్ల సున్నం గోడో అరటి ఆకో అడ్డంగా ఉన్నా, ఆ వెలుతురంతా దాని మీదే పడి వెనక్కి వస్తుంది. కళ్ల ముందే ఇంత వెలుగుందనుకుని కెమెరా తన చూపు తగ్గించుకుంటుంది, దూరంగా ఉన్నదంతా నల్లబడుతుంది. దీపపు వెచ్చదనానికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. అందువల్ల పక్షానికొకసారి చీపురు కట్టతో దులపడం తప్పదు. మీది గుండ్రటి డోమ్ కెమెరా అయితే, పైనున్న గిన్నెలాంటి కవచం మీద దుమ్ము పేరుకున్నా ఇదే పొగ వస్తుంది. మెత్తని గుడ్డతో తుడవండి, గరుకు గుడ్డతో తుడిస్తే గీతలు పడి పొగ శాశ్వతమవుతుంది. పెరటికి డోమ్ కంటే గొట్టంలా ఉండే బుల్లెట్ కెమెరా మేలని నేను చెప్పడానికి కారణం ఇదే.

రెండో కెమెరాది కరెంటు లోపం. ఇంట్లో అడాప్టరు దగ్గర 12 వోల్టులున్నా, సన్నని తీగలో చాలా దూరం వెళ్లేసరికి అది తగ్గుతుంది. పగలు ఆ తగ్గిన వోల్టేజీతోనే నెట్టుకొస్తుంది; చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఎక్కువ కరెంటు లాగి, వోల్టేజీ ఇంకా పడిపోయి కెమెరా ఆరిపోతుంది. ఆరగానే భారం తగ్గి మళ్లీ వెలుగుతుంది. పాకలో ప్లగ్గు ఉంటే అక్కడే వేరే అడాప్టరు పెట్టించండి, లేదా కరెంటుకు మాత్రం మందమైన తీగ విడిగా లాగించండి.

ఇంకొక మాట. పాకకూ ఇంటికీ మధ్య మామూలు ఎల్‌ఈడీ దీపం ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉంటే చిత్రం రంగుల్లో వస్తుంది. చొక్కా ఎర్రదో నీలమో తెలియడం పోలీసులకు చాలా పెద్ద ఆధారం. ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో నల్ల చొక్కా తెల్లగా కనిపించిన సందర్భాలు కూడా ఉంటాయి.

ప్రశ్న: పక్క ఇంటి మేడ మీద ఉండేవారు, మా పెరటి కెమెరా తమ స్నానాల గది కిటికీ వైపు, బట్టలారేసే చోటు వైపు ఉందని గొడవ పెట్టారు. మా స్థలంలో మా గోడకు మేము బిగించుకున్న కెమెరా తీయమనే హక్కు వారికి ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: గోడ మీదే, అది చూసే చోటు మీది కాదు. తప్పు మీ వైపు ఉందనే నా అభిప్రాయం.

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఎవరూ చూడరన్న నమ్మకంతో ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం, చిత్రీకరించడం నేరం; మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. మీకు అలాంటి ఉద్దేశం లేదని నాకు తెలుసు. కాని స్నానాల గది కిటికీ రోజూ రికార్డవుతున్న హార్డ్ డిస్కును ఇంట్లో పెట్టుకుని ఉద్దేశం గురించి వాదించుకునే పరిస్థితి మీరెందుకు తెచ్చుకోవాలి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారానికి మినహాయింపు ఇస్తుంది నిజమే. అది పొరుగింటి కిటికీలోకి తొంగిచూడటానికి ఇచ్చిన అనుమతి కాదు.

చేయవలసింది చిన్న పని. కెమెరాను కిందికి వంచి, మీ ప్రహరీ గోడ పై అంచు చిత్రం పైఅంచుకు దగ్గరగా వచ్చేటట్లు సరిచేయండి. ఇంకా వారి కిటికీ కొంత కనిపిస్తుంటే, సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది. దానితో ఆ భాగం మీద నల్లటి చతురస్రం గీస్తే ఆ మేరకు చిత్రం రికార్డు కాదు. ఆ తరువాత వారిని కాఫీకి పిలిచి తెర మీద ఒకసారి చూపించండి. పెరటి వైపు మీకు ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ మేడ మీదివారే. మీరు ఊరెళ్లినప్పుడు అలికిడైతే కేక వేసేది వారే గాని కెమెరా కాదు. మైకు ఉన్న కెమెరా అయితే శబ్దం రికార్డు కాకుండా ఆపివేయండి, పెరట్లో పొరుగువారి మాటలు మీకు అనవసరం.

మీ ఇంట్లోనే అన్నదమ్ముల వాటాలుంటే మరింత జాగ్రత్త అవసరం. కలిసి నివసించేవారి అంగీకారం లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మానాన్నలు తెనాలి దగ్గర పల్లెలో ఇద్దరే ఉంటున్నారు. పెరటి తలుపు వైపు కెమెరా పెట్టించి ఇక్కడి నుంచి చూడాలని కోరిక. కరెంటు కోతలు, నెట్ అంతరాయాలు ఎక్కువ. నాన్నగారికి స్మార్ట్‌ఫోన్ అంతగా అలవాటు లేదు.
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీరు చూడగలగడం రెండో విషయం, మీ నాన్నగారికి తెలియడం మొదటిది. తెనాలిలో అర్ధరాత్రి రెండు గంటలైనప్పుడు మీకు మధ్యాహ్నం మూడున్నరో నాలుగున్నరో అవుతుంది, మీరు ఆఫీసులో ఉంటారు. మీ ఫోనుకు వచ్చే హెచ్చరికతో పాటు, అక్కడ పడక గదిలో మోగే గంట, పెరట్లో మనిషి అడుగు పెట్టగానే వెలిగే సెన్సరు దీపం తప్పక పెట్టించండి. పక్కింటి కుర్రవాడి ఫోనులో కూడా ఆ యాప్ వేయించి, చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి.

కరెంటు పోయినప్పుడు కెమెరా, రికార్డరు నడిచినా రౌటరు ఆగితే మీకేమీ కనిపించదు. అందుకని ఈ మూడింటినీ ఇన్వర్టరు లైనుకే కలపమని చెప్పండి. రెండు కెమెరాల సెట్టు అంతా కలిసి పాతకాలపు సీలింగ్ ఫ్యాను తినేంత కరెంటు కూడా తినదు. నెట్ పోయినా రికార్డింగు ఆగకూడదు గనుక, కేవలం క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో, భద్రపరిచే కెమెరాలు మీకు వద్దు. ఇంట్లో రికార్డరూ ఉండాలి, కెమెరాలో మెమరీ కార్డూ ఉండాలి. రికార్డరును టీవీ బల్ల మీద పెట్టనివ్వవద్దు. దొంగలు ఇప్పుడు దానినే ముందు పట్టుకుపోతున్నారు. గాలి ఆడే అటక మీద పెట్టించండి.

పాస్‌వర్డు మీరే పెట్టండి. బిగించినవారు పెట్టిన పాస్‌వర్డును అలాగే వదిలేయడం మన దగ్గర చాలా ఇళ్లలో జరుగుతున్న తప్పు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా వ్యాపించి పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది, తయారీదారు పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లే దానికి ఆయుధాలయ్యాయి.

మీ వాళ్లిద్దరూ మీ దగ్గరకు వచ్చి ఇల్లు తాళం వేసి ఉండే నెలల్లో, ఆంధ్రప్రదేశ్ పోలీసుల తాళం వేసిన ఇళ్ల నిఘా పథకం, ఎల్‌హెచ్‌ఎంఎస్, అక్కడ అమలులో ఉందేమో స్థానిక పోలీసు స్టేషన్‌లో అడగండి. నమోదు చేసుకున్నవారి ఇంట్లో పోలీసులే తాత్కాలికంగా కెమెరా పెట్టి, కదలిక కనబడితే సిబ్బందిని పంపే ఏర్పాటు అది.

ప్రశ్న: బ్యాటరీతో, సోలార్ పలకతో నడిచే కెమెరాలు తీగల పని లేకుండా వస్తున్నాయి. మా ఎండలకు సోలార్ బాగా పనిచేస్తుంది కదా?
– ఒక పాఠకురాలు, రామగుండం

జవాబు: ఎండ ఎక్కువ కావడమే మీ ఇబ్బంది. ఈ కెమెరాలు నిరంతరం రికార్డు చేయవు. మనిషి ఒంటి వేడిని పసిగట్టి మేలుకుంటాయి. చుట్టుపక్కల గాలి, గోడలు కూడా మనిషి ఒంటి వేడికి దగ్గరగా వచ్చే మే నెల సాయంత్రాల్లో ఆ పసిగట్టే శక్తి బాగా తగ్గిపోతుంది. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగు చేయడం మంచిది కాదు, మీ ఊళ్లో ఎండలో కాగిన కెమెరా డబ్బా ఆ వేడిని తేలికగా దాటుతుంది. కరెంటు లేని మామిడి తోటకైతే సరే. ఇంటి పెరటికి వద్దు.

ప్రశ్న: రికార్డింగు ఎన్ని రోజులు నిల్వ ఉండాలి? దొంగతనం జరిగితే పోలీసులకు ఫోనులో పంపితే చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నాలుగు మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రోజంతా రికార్డు చేస్తే రోజుకు 43 జీబీ అవుతుంది. రెండు కెమెరాలకు ఒక టీబీ హార్డ్ డిస్కు 11 రోజులు వస్తుంది, ఆ తరువాత పాతది చెరిగి కొత్తది పడుతుంది. జనం పోగయ్యే వ్యాపార స్థలాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 2013 నాటి ప్రజా భద్రత చట్టం 30 రోజుల నిల్వ తప్పనిసరి చేసింది గాని ఇళ్లకు ఆ నిర్బంధం లేదు. రెండు టీబీల నిఘా రకం డిస్కు పెట్టించుకుంటే మూడు వారాలు వస్తుంది, తీర్థయాత్రకు వెళ్లి వచ్చినా సరిపోతుంది.

ఫోను తెరను మరో ఫోనుతో తీసి పంపిన వీడియో దర్యాప్తులో దారి చూపుతుందేమో గాని కోర్టులో నిలవడం కష్టం. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇవ్వాలి; అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు. అందుకని దొంగతనం సంగతి తెలిసిన వెంటనే డిస్కు మీద పాతది చెరిగిపోకముందే రికార్డరు నుంచి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఆ సమయపు ఫైలును తీసి ఉంచండి, రికార్డరును పోలీసులు చూసేవరకు కదపవద్దు. ఆ పని చేసేటప్పుడు తెర మీద కనిపిస్తున్న గడియారం మీ చేతి గడియారంతో ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో రాసిపెట్టుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా 2000 జనవరి 1కి వెళ్లిపోయే పాత డీవీఆర్‌లు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి.